ఆరు పంక్చర్లలో టైరు తప్పు ఎంత?

ప్రశ్న: రోజూ రానూ పోనూ కలిపి 40 కిలోమీటర్లు, వారానికి ఐదు రోజులు రోడ్ బైకు తొక్కుతాను. నా బరువు 74 కిలోలు, సైకిలుది 9. మొదట పందెపు టైర్లు వేశాను. 23 మిల్లీమీటర్ల వెడల్పు, 120 పీఎస్ఐ గాలి. సైకిలు తేలిపోతున్నట్టు వెళ్లేది. కానీ రెండు నెలల్లో ఆరు పంక్చర్లయ్యాయి. విసిగిపోయి, పంక్చర్లు కావని పేరున్న మందపాటి టైర్లకు మారాను. పంక్చర్లు ఆగాయి కానీ సైకిలు మొరాయించిన ఎద్దులా తయారైంది. ట్యూబులు నేనే అతికించుకుంటాను కాబట్టి రంధ్రాలు ఎక్కడ పడ్డాయో రాసిపెట్టుకున్నాను. రెండుసార్లు పక్కపక్కనే జంట రంధ్రాలు, ఒకసారి రిమ్ము వైపు, మూడుసార్లు రోడ్డు వైపు. ఆ మూడింటిలో రెండు వెనుక చక్రానివే, వాల్వు నుంచి ఒకే దూరంలో. గాలి వారానికోసారి కొడతాను. రిమ్ములు పాతవి, బ్రేకులు రిమ్మును పట్టుకునే రకం. వేగంగా వెళ్తూ ఎక్కువ కాలం మన్నే టైరు పేరు ఒకటి చెప్పగలరా? మందపాటి టైర్ల వల్ల నిజంగా ఎంత నష్టపోతున్నాను?

— ఒక పాఠకుడు

జవాబు: టైర్ల గురించి నాకు వచ్చే ఉత్తరాల్లో సాధారణంగా రెండే ముక్కలు ఉంటాయి: పంక్చర్లవుతున్నాయి, మంచి టైరు చెప్పండి. మీరు రంధ్రాల లెక్క రాసిపెట్టారు. ఆ ఒక్క పనితో సగం జవాబు మీరే రాసేశారు, చూసుకోలేదంతే.

మీ చిట్టా ప్రకారమే వెళ్దాం. పక్కపక్కన పడిన జంట రంధ్రాలు మేకువి కావు, గాజుముక్కవి కావు. చక్రం గుంత అంచుకు కొట్టుకున్నప్పుడు టైరు పూర్తిగా అణిగిపోయి, రిమ్ము రెండు అంచులకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగింది. పాము కాటులా రెండు గాట్లు. ఎక్కువగా గాలి తగ్గినప్పుడే ఇది జరుగుతుంది. 23 మిల్లీమీటర్ల టైరులో పట్టే గాలే కొంచెం. అందులోంచి వారంలో కారిపోయేది లెక్కలోకి వస్తుంది. పైగా టైరు ఎత్తు తక్కువ, అణగడానికి చోటు లేదు. ఆ రెండు పంక్చర్లూ గాలి కొట్టిన మర్నాడు కాక, వారం చివర్లో జరిగి ఉంటాయని నా అనుమానం.

రిమ్ము వైపు పడిన రంధ్రానికీ టైరుకూ అసలు సంబంధమే లేదు. రిమ్ము లోపల చువ్వల తలలు కూర్చునే గుంటలు ఉంటాయి. వాటి మీద ఒక పట్టీ పరుస్తారు. ఆ పట్టీ పక్కకు జరిగినా, పాతబడి సాగినా, 120 పీఎస్ఐ ఒత్తిడికి ట్యూబు ఆ గుంటలోకి ఉబ్బి అంచు మీద కోసుకుపోతుంది. దీనికి టైరు మార్చడమంటే పంటి నొప్పికి కళ్లజోడు మార్చుకోవడమే.

మిగిలినవి మూడు. అందులో రెండు ఒకే చక్రంలో, ఒకే చోట. మొదటిసారి దూరిన ముక్కను మీరు తీయలేదు. ట్యూబు అతికించారు, టైరు మళ్లీ ఎక్కించారు, లోపలే కూర్చున్న ఆ ముక్క కొత్త అతుకు పక్కన మళ్లీ పొడిచింది. కాబట్టి రెండో పంక్చరు మన ఖాతాలోది. ఆరింటిలో టైరు నిజంగా ఓడిపోయింది రెండుసార్లే. రెండు నెలలంటే మీ లెక్కన దాదాపు 1,600 కిలోమీటర్లు. పలచటి పందెపు టైరుకు అది అంత చెడ్డ ఫలితమేమీ కాదు.

ఇక మీ రెండో ప్రశ్న: మందపాటి టైరు ఎంత తినేస్తోంది? దీన్ని ఊహతో కాకుండా కాగితం మీద చూద్దాం. మీరు, సైకిలు, బట్టలు, నీళ్ల సీసా కలిపి 85 కిలోలు అనుకోండి. టైరు దొర్లేటప్పుడు బరువులో ఎంత వంతు వెనక్కి లాగే బలంగా మారుతుందో చెప్పే అంకెను దొర్లుడు ఘర్షణ గుణకం అంటారు. మంచి పందెపు టైరుకు అది 0.004 ప్రాంతంలో, కవచమున్న మందపాటి టైరుకు 0.006 ప్రాంతంలో ఉంటుంది. తేడా 0.002. దాన్ని 85తోనూ, గురుత్వ త్వరణం 9.81తోనూ గుణిస్తే 1.67 న్యూటన్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 8.33 మీటర్లు. రెండూ గుణిస్తే దాదాపు 14 వాట్లు. ఆ వేగంలో మీ కాళ్లు ఇచ్చే శక్తి 200 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, అందులో సుమారు ఏడు శాతం మందపాటి టైర్లలో అదనంగా వేడిగా మారి పోతోందన్నమాట. అయితే అంత శక్తి మిగిలినా వేగం ఏడు శాతం పెరగదు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి అంతకంటే ఎక్కువగా బిగుస్తుంది. చివరికి మీకు దక్కేది రెండున్నర శాతం వేగం. 40 కిలోమీటర్లకు రెండు నిమిషాలు.

రెండు నిమిషాలేనా అనకండి. రెండు నెలల్లో 40 రోజులు తొక్కితే 80 నిమిషాలు. మరోవైపు, దారిలో ఒక పంక్చరు సరిచేసుకోవడానికి పావుగంట వేసుకుంటే ఆరింటికి 90 నిమిషాలు. అంటే మీరు టైర్లు మార్చి రెండు నెలలకు ఆదా చేసింది పది నిమిషాలు! అదే, టైరు నిజంగా బాధ్యత వహించాల్సిన పంక్చర్లు రెండేనని తీసుకుంటే అరగంట నష్టాన్ని తప్పించుకోవడానికి 80 నిమిషాలు చెల్లించారు. చేతులకు మసి, పనికి ఆలస్యం, చిరాకు ఈ లెక్కలో లేవని ఒప్పుకుంటాను. అయినా మొగ్గు ఎటువైపో తెలుస్తూనే ఉంది.

టైరు ఎందుకు శక్తిని తింటుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. ఒక రబ్బరు బంతిని భుజం ఎత్తు నుంచి వదిలితే అది తిరిగి భుజం ఎత్తుకు రాదు. నొక్కుకున్నప్పుడు పుచ్చుకున్న శక్తినంతా విప్పారేటప్పుడు తిరిగి ఇవ్వలేక, కొంత వేడిగా వదిలేస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరులో ప్రతి చోటూ రోడ్డును తాకగానే నలిగి, దాటగానే విప్పారుతుంది. నలిగేది ఎంత మందంగా, ఎంత బిరుసుగా ఉంటే నష్టం అంత ఎక్కువ. రోడ్డును తాకే రబ్బరు, దాని కింద పంక్చరును ఆపే పట్టీ, అన్నిటికీ ఆధారమైన దారాల గుడ్డ, రిమ్మును పట్టుకునే అంచు తీగ — టైరంటే ఇవే. అంచు తీగ సంగతి వదిలేయండి. ఉక్కు తీగైతే టైరు మడత పడదు, బరువు కాస్త ఎక్కువ, అంతే. అసలు కథ మిగతా మూడింటిది.

మీ మందపాటి టైరు మొరాయించడానికి అసలు కారణం పంక్చరు ఆపే పట్టీ కాదని నేననుకుంటాను. రోడ్డును తాకే చోట, ట్రెడ్ కింద, సన్నటి గట్టి పట్టీ పరిచినంత మాత్రాన వేగం పెద్దగా పోదు. పక్కల దాకా కవచం చుట్టి, ముతక దారాల గుడ్డ వాడి, పైన మందంగా రబ్బరు పోసినప్పుడే టైరు చచ్చుబడుతుంది. రోడ్ బైకు టైరు పక్కలు మెత్తగా వంగాలి. కొనేముందు బొటనవేలితో నొక్కి చూడండి. మంచి టైరు పక్కలు బట్టలా మడత పడతాయి, చచ్చుది చెప్పు అంచులా ఎదురు తిరుగుతుంది. కంకర దారుల్లో, పదునైన రాళ్ల అంచుల మధ్య తొక్కేవారికి పక్కల కవచం కావాలి. మీ పంక్చర్లలో ఒక్కటి కూడా పక్కల నుంచి రాలేదు.

దారాల లెక్కను అంగుళానికి ఇన్ని దారాలని టీపీఐలో చెబుతారు. 60 అంటే ముతక, 120 అంటే మెత్తన, నూలు గుడ్డవైతే 320 దాకా వెళ్తాయి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొన్ని టైర్ల మీద 330 అని కనిపిస్తుంది. అది ట్రెడ్ కింద ఒకదాని మీద ఒకటి పరిచిన మూడు పొరలను కలిపి చెప్పిన అంకె, పొరకు 110 దారాలే. మోసమని కాదు, నూలు టైరు అంకె పక్కన పెట్టి పోల్చకూడదంతే.

ఇప్పుడు వెడల్పు. టైరు పేరు కంటే మీకు ఎక్కువ మేలు చేసేది ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. టైరు రోడ్డును తాకే వైశాల్యం, దాని మీద పడే బరువును లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేంత. వెడల్పాటి టైరైనా సన్నటిదైనా, ఒకే గాలి ఒత్తిడిలో ఆ ముద్ర వైశాల్యం దాదాపు ఒకటే. ఆకారమే వేరు. సన్నటి టైరు ముద్ర పొడవుగా, కోలగా సాగుతుంది. వెడల్పాటి టైరు ముద్ర పొట్టిగా, అడ్డంగా పరుచుకుంటుంది. పొడవాటి ముద్ర కోసం టైరు ఎక్కువ లోతుగా అణగాలి. అందుకే ఒకే ఒత్తిడిలో 28 మిల్లీమీటర్ల టైరు 23 కంటే తేలికగా దొర్లుతుంది. పైగా దానికి అంత ఒత్తిడి అవసరమే లేదు.

120 పీఎస్ఐ దగ్గర మీకు తేలిపోతున్నట్టు అనిపించిందన్నారు. నాకూ ఏళ్ల తరబడి అలాగే అనిపించింది. పంపు మీద మీటరు ఎంతవరకు ఉంటే అంతవరకు కొట్టేవాడిని. గట్టి టైరు ప్రతి గరుకునూ చేతుల్లోకి, నడుములోకి పంపుతుంది, ఆ జలదరింపును మనం వేగమనుకుంటాం. నిజానికి నున్నటి అద్దం లాంటి దారి మీద తప్ప, చక్రం ఎగిరిపడిన ప్రతిసారీ ముందుకు వెళ్లాల్సిన శక్తి మిమ్మల్ని పైకి ఎత్తడానికి ఖర్చవుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయమూ కాదు. జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరు తెచ్చినప్పుడు, గట్టి రబ్బరు చుట్టిన సన్నటి చక్రాల ముందు దాన్ని చూసి నవ్వారు. మరుసటి ఏడాది బెల్‌ఫాస్ట్‌లో విల్లీ హ్యూమ్ ఆ ఉబ్బిన టైర్ల మీద పందేలు గెలిచాక నవ్వు ఆగిపోయింది.

28 మిల్లీమీటర్లకు మారితే మీ బరువుకు వెనుక 75, ముందు 70 పీఎస్ఐతో మొదలుపెట్టండి. వెనుక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ తేడా. దారి గరుకుగా అనిపిస్తే రెండు మూడు తగ్గించండి, గుంతల్లో రిమ్ము కొట్టుకుంటున్న చప్పుడు వస్తే పెంచండి. రిమ్ము మీద, టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటవద్దు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె మీకిచ్చిన సలహా కాదని కూడా గుర్తుంచుకోండి. చాలామంది దాన్నే ఆదేశంలా పాటిస్తారు.

అయితే 28 మీ సైకిల్లో పడుతుందా? పాత రిమ్ము బ్రేకుల సైకిళ్లలో ఇదే చిక్కు. 23 నుంచి 28కి వెళ్తే టైరు పైకి ఐదు మిల్లీమీటర్లు, ఇరువైపులా రెండున్నర చొప్పున పెరుగుతుంది. దానిపైన నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, లేకపోతే టైరుకు అంటుకున్న చిన్న రాయి ఫ్రేము రంగు గీకేస్తుంది. అంటే ఇప్పుడున్న టైరుకూ పైన బ్రేకుకూ మధ్య తొమ్మిది మిల్లీమీటర్లు, పక్కల ఆరున్నర ఉండాలి. స్కేలు అక్కడ దూరదు కాబట్టి అలెన్ కీలతో (బోల్టులు తిప్పే ఆరు పలకల కడ్డీలు, నంబరే మిల్లీమీటర్లలో వాటి మందం) కొలవండి. పైన 8 నంబరు కీ వదులుగా, పక్కన 6 నంబరు కీ వదులుగా దూరితే 28కి వెళ్లవచ్చు. పైన 6, పక్కన 5 మాత్రమే దూరితే 25తో సరిపెట్టుకోండి, వెనుక 90, ముందు 85 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. ఫ్రేము వెనుక భాగంలో, చైను పక్కన గొట్టాల మధ్య కూడా చూడండి. చాలాసార్లు బ్రేకు ఒప్పుకున్నా అక్కడ ఒప్పుకోదు. రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువైతే అదే టైరు రాసిన అంకె కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉబ్బుతుంది, అదీ కలుపుకోండి. కొనేటప్పుడు పక్కన 28-622 అని ఉందో లేదో చూడండి. 622 అనేది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, రోడ్ బైకులకు సాధారణంగా అదే.

పేరు చెప్పమన్నారు, చెబుతాను. 2018లో వచ్చిన కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000, ట్యూబు వేసే రకం, రెండు చక్రాలకూ. ట్రెడ్ కింద మాత్రమే వెక్‌ట్రాన్ అనే గట్టి కృత్రిమ దారాల పట్టీ ఉంటుంది, పక్కలు మెత్తన. అంటే పైన చెప్పిన రెండు గుణాలూ ఒకచోట ఉన్నాయి. ‘ఎస్ టీఆర్’ అని ఉన్నది ట్యూబ్‌లెస్ రకం, పొరపాటున అది తీసుకోవద్దు. ఈ మార్పుతో కూడా రోడ్డు వైపు పంక్చర్లు మిమ్మల్ని వేధిస్తే వెనుక చక్రానికి మాత్రం అదే కంపెనీ గ్రాండ్ ప్రీ 4-సీజన్ వేయండి. దానిలో వెక్‌ట్రాన్ రెండు పొరలు. పంక్చర్లు వెనుకే ఎక్కువ, ముందు చక్రం లేపి పడేసిన ముక్క మీద బరువైన వెనుక చక్రం ఎక్కుతుంది కాబట్టి. రెండు చక్రాలకూ ఒకే టైరుండాలని ఎక్కడా రాసి లేదు. విట్టోరియా రూబినో ప్రో కూడా ఇదే పనికి వస్తుంది, వేగంలో ఒక మెట్టు కింద. అదే విట్టోరియా నూలు గుడ్డ కోర్సా టైర్లు దొర్లితే ముచ్చటేస్తుంది కానీ రోజూ పనికి వెళ్లే దారికి నేను సిఫారసు చేయను.

ట్యూబ్‌లెస్ గురించి మీరు అడగలేదు, మీ రిమ్ములకు అది కుదిరే అవకాశమూ తక్కువ. లేటెక్స్ ట్యూబులతో చక్రానికి రెండు వాట్ల వరకూ కలిసొస్తుందన్నది నిజమే, కానీ వాటిలోంచి రాత్రికి రాత్రే గాలి కారిపోతుంది. వారానికోసారి పంపు ముట్టుకునే మీకు అవి శిక్ష. మామూలు నల్ల బ్యూటైల్ ట్యూబులే ఉంచుకుని, గాలి కొట్టడం మాత్రం వారానికి రెండుసార్లు చేసుకోండి. ట్రెడ్ మీద గాడులు, గీతలు చూసి వర్షంలో పట్టు బాగుంటుందనుకోవద్దు. కారు టైరులా నీటి పొర మీద తేలిపోయేంత వేగం సైకిలుకు రాదు. తడి రోడ్డు మీద పట్టు రబ్బరు మిశ్రమం వల్ల వస్తుంది, గీతల వల్ల కాదు. నున్నటి టైరు చూసి భయపడనవసరం లేదు.

మన్నిక మాటకొస్తే, నా అనుభవంలో ఈ తరగతి టైరు వెనుక 4,000 నుంచి 5,000 కిలోమీటర్లు వస్తుంది, ముందు దాదాపు రెట్టింపు. మీ వాడకానికి వెనుకది ఐదారు నెలలు. ట్రెడ్ మధ్యలో అరుగుదల చూపే చిన్న గుంటలు ఉంటాయి, అవి కనిపించకుండా పోతే టైరు పని అయిపోయినట్టే. గుంటలు లేని టైరును వెనుక నుంచి చూడండి. గుండ్రటి వీపు బల్లపరుపుగా మారితే అదే గుర్తు. వెనుకది అరిగినప్పుడు దాన్ని ముందుకు మార్చి పొదుపు చేశామనుకునేవారున్నారు. అది చాలా ప్రమాదం. వెనుక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే నేల మీదే. ముందు టైరును వెనక్కి పంపి, కొత్తది ముందు వేయండి.

టైరు ఆయుష్షు పెంచే పని ఇంకొకటి ఉంది, వారానికి ఐదు నిమిషాలు పడుతుంది. గాలి కొట్టే రోజున చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ట్రెడ్ చూడండి. పెదవి విచ్చుకున్నట్టు చిన్న గాట్లు కనిపిస్తాయి. గాటును రెండు వేళ్లతో విప్పి చూస్తే అడుగున ఆవగింజంత గాజుముక్క మెరుస్తుంది. అది దూరిన రోజునే పంక్చరు చేయదు. ఒక్కో చుట్టుకూ వెంట్రుకవాసి లోపలికి జరుగుతూ, పట్టీ దాటడానికి రోజులు, ఒక్కోసారి వారాలు తీసుకుంటుంది. పిన్నీసు మొనతో తీసేస్తే ఆ పంక్చరు అక్కడితో ఆగిపోయినట్టే. పట్టీ పరిచిన టైరు మీకు ఇచ్చేది ప్రధానంగా ఈ గడువే. మందపాటి టైరు ఇంకాస్త ఎక్కువ గడువిస్తుంది, అంతే తేడా.

కొత్త టైర్లు ఎక్కించేముందు రిమ్ము పట్టీలు రెండూ మార్చండి. ఎక్కించేటప్పుడు టైరు మీది కంపెనీ గుర్తు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టండి. అలా ఉంటే ట్యూబులో రంధ్రం దొరికిన వెంటనే టైరులో ఏ చోట వెతకాలో తెలిసిపోతుంది.

పాత పందెపు టైర్లు పారేయలేదనే అనుకుంటున్నాను. వాల్వు నుంచి దూరం మీ దగ్గర రాసి ఉంది కదా. వెనుక చక్రం నుంచి తీసిన టైరును లోపలి వైపు బయటికి తిప్పి, ఆ దూరంలో వాల్వుకు రెండు పక్కలా దూది ముద్దను నెమ్మదిగా జరపండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఆగండి. గాజే కానక్కర్లేదు. పెద్ద వాహనాల టైర్లు పగిలి రాలిన ఉక్కు తీగ ముక్కలు వెంట్రుకలా సన్నగా ఉండి కంటికి కనిపించవు, వేలికి మాత్రం గుచ్చుకుంటాయి. అందుకే ముందు దూది, తర్వాతే వేలు. తీగైతే సన్నటి పట్టకారుతో బయటి వైపు నుంచి లాగండి. ఏం దొరికిందో మీ చిట్టాలో రాసుకుని, నాకూ ఒక ముక్క రాయండి.